ఋతువును నమ్ముకొన్న విమానాశ్రయము

శ్రీకాకుళము జిల్లా కోటబొమ్మాళి మండలమున, కలకత్తా–మద్రాసు రహదారి ప్రక్కన నున్న నిమ్మాడ గ్రామమునకు విమానములతో సంబంధ మేర్పడుట ఇటీవలి సంగతి. ఆ గ్రామమున 1987లో జన్మించిన కింజరాపు రామ్మోహన్‌నాయుడు 2024 జూన్ నెలలో కేంద్ర పౌరవిమానయాన శాఖామంత్రియైన నాటినుండి, పలాస జీడిపప్పు కర్మాగారముల యొద్దను, టెక్కలి బస్సు నిలయమునందును, మందస కోవా అమ్ము అంగళ్ళ ముందును, "మన జిల్లాకు విమానాశ్రయ మెప్పుడు వచ్చును?" అని కొందఱును, "వచ్చినచో ఎవరి తోటమీద వచ్చును?" అని కొందఱును వాదులాడుకొనుచున్నారు. రెండు ప్రశ్నలును సమంజసములే. ఐతే వీనికి సమాధానము వెదకువారు హైదరాబాదు, బెంగుళూరు విమానాశ్రయముల వైభవమును కన్నుల ముందు పెట్టుకొని మాటలాడుదురు గాని, ఈ తీరవాసులకు చిరపరిచితమైన విమానాశ్రయము, సముద్రమున కావల రమారమి 1,200 కిలోమీటర్ల దూరమున నున్న పోర్ట్ బ్లెయిర్‌ది, ఎవరి స్మరణకును రాదు. దేశములోని తక్కినవారికి అండమాను సెలవుల దీవి. మన జిల్లా తీరసీమయైన ఉద్దానమునకు అది కూలి దొరకు దీవి. ఒకే రన్‌వే మీద దిగు ఈ రెండు తెగల ప్రయాణికులలో ఎవరిని ఉద్దేశించి ఆ విమానాశ్రయము పెరిగినది, ఎవరి యవసరమును బట్టి అచ్చటి టికెట్టు ధర నిలుచుచున్నది అను విషయమును సాకల్యముగా విచారించినచో, ఉద్దానపు వివాదము కూడ కొంత తేటపడునని నా తలంపు.

ఈ వలస నిన్న మొన్నటిది కాదు. ఆంగ్లేయుల పరిపాలనమున గంజాము, విశాఖపట్టణము జిల్లాల తీరమునుండి వేలాది కూలీలు పొగయోడ లెక్కి బర్మాకు పోయి, అచ్చటి వరికోతలలోను, బియ్యపు మిల్లులలోను, రంగూను రేవులోను పనిచేసి, కొందఱు కోతలు ముగియగానే మరలి వచ్చుచు, కొందఱు అచ్చటనే నిలిచిపోవుచు, రెండు మూడు తరములపాటు సముద్రమును ఊరిచెఱువును దాటినట్లు దాటిరి. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు కురిపించుటతో ఆ దారి మూసికొనిపోయెను. అడవులను కొండలను దాటి కాలినడకన స్వదేశమునకు బయలుదేరిన తెలుగువారిలో ఎందఱో త్రోవలోనే రాలిపోయిరి. మఱుసటి సంవత్సరము మార్చి నెలలో జపాను సేనలు అండమాను దీవులను ఆక్రమించినవి. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు పడినవి. 1945 వఱకు సాగిన ఆ ఆక్రమణ కాలముననే, దీవిలోని జనమును నిర్బంధముగా పనిలోనికి దింపి, పోర్ట్ బ్లెయిర్‌కు చేరువనున్న లంబాలైన్ వద్ద విమానములు దిగుటకు ఒక నేలను చదును చేయించిరి. ఇప్పటి విమానాశ్రయమునకు మూలము అదియే. ఉద్దానమువారి పాత వలసదారిని మూసివేసిన యుద్ధమే కొత్త వలసదారికి నేలను సిద్ధము చేసినదన్నమాట. సెలవులు గడుపుటకై నేడు అచ్చట దిగువారి పాదముల క్రింద ఉన్నది వెట్టిచాకిరితో చదునైన నేల యని ఏ యాత్రా కరపత్రమును చెప్పదు.

స్వాతంత్ర్యానంతరము తూర్పు బెంగాలు కాందిశీకులకు ఆ దీవులలో ప్రభుత్వము భూములిచ్చి నివాసము లేర్పరచెను. తెలుగువారిలో అత్యధికులు వేరొక త్రోవన పోయిరి. చేపలవేట తెలిసినవారు వలలతోను, తెలియనివారు రెక్కల కష్టమును నమ్ముకొనియు, బంధువు వెంట బంధువు, ఊరివాని వెంట ఊరివాడుగా పోయి స్థిరపడిరి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ కేంద్రపాలిత ప్రాంతపు జనము 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 13 మందికి పైబడి, బెంగాలీ, హిందీ, తమిళముల తరువాత నాల్గవ స్థానమున ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వంటి పేటలలో శ్రీకాకుళపు యాస వినుటకు చెవి యొగ్గనక్కరలేదు. 2023 మార్చిలో ఆ పురపాలక మండలి అధ్యక్షపీఠము తెలుగుదేశము పార్టీకి దక్కినదనిన, ఈ తీరమునకును ఆ దీవికిని గల బంధుత్వ మెంత దగ్గఱిదో ఊహింపవచ్చును. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురమని కొత్త నామకరణ మొనర్చినది. మన ఊళ్ళలో ఇంకను పాతపేరే నలుగుచున్నందున నేనును దానినే వాడుచున్నాను.

ఇక విమానాశ్రయ స్వరూపమును గూర్చి. వాడుకలో విమానాశ్రయ మని అనుచున్నను, పోర్ట్ బ్లెయిర్ రన్‌వే నౌకాదళమువారి అధీనములోనిది. 1985లో నెలకొన్న ఐఎన్ఎస్ ఉత్క్రోశ్ అను వైమానిక స్థావరము దానికి గృహస్థు. 2002లో వీర సావర్కర్ నామధేయము పొందిన పౌరవిభాగము అచ్చట అతిథి. విచిత్రమేమనగా, ఈ మార్గమునకు రెండవ కొన యైన విశాఖపట్టణమున సైతము పరిస్థితి ఇట్టిదే: అచ్చటి రన్‌వే ఐఎన్ఎస్ డేగా స్థావరమువారిది. కావున విశాఖనుండి పోర్ట్ బ్లెయిర్‌కు విమానము నడుపదలచిన సంస్థ, ఒక నౌకాదళ స్థావరమున వేళ సంపాదించి, దానికి సరిపడు వేళను మఱియొక నౌకాదళ స్థావరమున సంపాదింపవలెను. ఈ రెండు పట్టణముల నడుమ నేరు సర్వీసులు ఒకప్పుడు మొదలగుట, కొంతకాలమునకు నిలిచిపోవుట, మరల మొదలగుట జరుగుచుండుటకు గిరాకీ హెచ్చుతగ్గులతోపాటు ఈ చిక్కు కూడ కొంత కారణమని నాకు తోచుచున్నది.

రన్‌వే పొడవు 3,290 మీటర్లు. పెద్ద విమానములకును అది చాలును. కాని ఒక కొనన ఎత్తైన నేల ఉండుటచే విమానములు సాధారణముగా నైరుతి దిక్కునుండి వచ్చి దిగి, మరల ఆ దిక్కునకే లేచిపోవును. విమానము ఎదురుగాలిలో దిగుట క్షేమము. శీతకాలమున ఈశాన్యమునుండి వీచు గాలి ఈ ఏర్పాటునకు అనుకూలమే; వైశాఖము దాటి నైరుతి ఋతుపవనము ప్రబలినప్పుడు మాత్రము గాలి వెనుకనుండి తోయుచుండును. ఆ తోపు మితిమీరినచో పైలట్ దిగుట మానుకొని, వచ్చిన త్రోవనే చెన్నపట్టణమునకో కలకత్తాకో మరలవలసినదే; ప్రక్క ఊరిలో దిగుదమన్న ప్రక్క ఊరు సముద్రము. అందుచేత దీవికి పోవు విమానము తిరిగివచ్చుటకు చాలినంత ఇంధనమును కూడ మోసికొని పోవలెను. ఇంధనపు బరువు పెరిగినకొలది మనుష్యులకును సరకులకును మిగులు బరువు తగ్గును. మిగిలినవారి మీద ఖర్చు పెరుగును. దీవి టికెట్టు ఎందుకింత ప్రియమని ప్రశ్నించువారికి చెప్పదగిన సమాధానములలో ఇది మొదటిది, న్యాయమైనది కూడ. రెండవ సమాధానము అంత న్యాయమైనది కాదు. దాని పేరు సీజను.

కేరళమున జూన్ మొదటి తేదీకి అడుగిడు ఋతుపవనము అండమాను సముద్రమును అంతకు పదిరోజుల ముందే, మే మూడవ వారమున, ముట్టడించును. అప్పటినుండి సెప్టెంబరు చివఱ వఱకు దీవి వానలకు వదలిపెట్టబడును. దుర్గాపూజ సెలవులతో బెంగాలు కుటుంబములు దిగుట మొదలుపెట్టగా, డిసెంబరు చివఱి వారమునకు యాత్రికుల రద్దీ పతాకస్థాయి నందుకొని, వేసవి సెలవులలో మరల ఒకమాఱు పెల్లుబికి, మే నెలాఖరునకు చప్పబడును. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీ (ఎల్‌టీసీ) నియమములు సడలించి అండమానుకు విమానమున పోవుటకు అనుమతించుట ఈ రద్దీని మఱింత పెంచినది. ఈ యాత్రికులను దృష్టియందుంచుకొనియే రమారమి 710 కోట్ల రూపాయల వ్యయముతో, 40 వేల చదరపు మీటర్లకు మించిన వైశాల్యముతో, శంఖాకృతిలో కొత్త టెర్మినల్ నిర్మింపబడినది. దానిని ప్రధానమంత్రి 2023 జూలై 18న ప్రారంభించిరి. నడివానలలో, యాత్రికుడు కనబడని నెలలో. ఏటికి 50 లక్షల ప్రయాణికులకు సరిపోవునని చెప్పబడిన ఆ భవనము, నాలుగు లక్షలకు అటునిటుగా జనమున్న దీవులకు ద్వారము. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఆ భవనము ఎవరి రాకకై తోరణము కట్టుకొన్నదో వేరుగ చెప్పనక్కరలేదు. 2024 నవంబరులో కౌలాలంపూర్ నుండి నియతమైన విదేశీ విమానము కూడ దిగుట మొదలైనది.

యాత్రికులు వచ్చుట తప్పని నేననుట లేదు. వారు వచ్చుటవలననే దీవిలో హోటళ్ళు లేచినవి, ఆ హోటళ్ళకు గోడలు కట్టు పని మన కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలముల మేస్త్రీలకు దొరకినది. చిక్కంతయు కాలము కలియుటలో ఉన్నది. దసరాకు బెంగాలువారు వచ్చునప్పుడే మనవారు ఇంటికి రావలెనని చూతురు. క్రిస్మసుకు దిగినవారు తిరుగుముఖము పట్టు రోజులకును సంక్రాంతికి ఇల్లు చేరవలసిన కూలివాని రోజులకును నడుమ ఎడము స్వల్పము. ఏప్రిల్, మే నెలలలో బడులకు సెలవులు, పెండ్లి ముహూర్తములు, గ్రామదేవతల సంబరములు ఒక్కుమ్మడిగా వచ్చును. ఆ నెలలే విమానముల యందు సీటు బంగారమగు నెలలు. యాత్రికుడు ధర హెచ్చినదని తోచినచో గోవాకు పోవును, ఊటీకి పోవును, మానుకొనును. తండ్రి పోయినాడని కబురందినవాడు మానుకొనలేడు. ధర నిర్ణయించు యంత్రమునకు ఈ ఇద్దఱి భేదము తెలియదు. ఇద్దఱును దానికి ఒకే వరుసలో నిలుచున్న గిరాకీ.

ఇక ఓడ. చెన్నపట్టణము, కలకత్తా, విశాఖపట్టణములనుండి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రభుత్వపు ప్రయాణికనౌకలు పోవుచుండును. వీనిలో విశాఖనుండి పోవునది రమారమి నెల కొక్కటి. ప్రయాణమునకు పట్టు కాలము 56 గంటలు. ఉద్దానపు కూలివాడు దాని బంకు క్లాసులో పరుండి, బెల్లము కలిపిన అటుకులతో కాలము గడిపి, మూడవనాడు దీవిని చూచును. ద్వీపవాసి గుర్తింపు గలవారికి ఓడ టికెట్టు గణనీయమైన రాయితీతో లభించును. లేనివారు ఎక్కువ ధర చెల్లింపవలెను. ఇచ్చటనే నేను గమనింపగోరు సంగతి యొకటి కలదు. ఆరునెలలకు కూలికి పోయినవాడు నియమముల దృష్టిలో ద్వీపవాసి కాడు. వాని దృష్టిలో వాడు యాత్రికుడును కాడు. ఓడలో రాయితీకి నోచుకొనక, విమానములో సీజను ధరకు తట్టుకొనక, ఉభయభ్రష్టుడై నిలిచిన ఈ మూడవ మనుష్యునికి ఏ పట్టికలోను గడి లేదు. దీవిని కట్టినది మాత్రము వాడే.

సీజనుకు బానిసలగు విమానాశ్రయములు ఇతర దేశములలోను కలవు. స్పెయిన్‌కు చెందిన ఇబిజా దీవి విమానాశ్రయమున 2019లో 80 లక్షలకు పైగా ప్రయాణికులు రాకపోకలు సాగించిరి. వారిలో జనవరి నెలవారి కంటె ఆగస్టు నెలవారు ఎన్నోరెట్లు అధికులు. ఆ దేశమువారు ఈ చిక్కును గుర్తించి, బలేరిక్, కెనరీ దీవులలో నివసించువారికి ప్రధాన భూభాగమునకు పోవు టికెట్టులో నూటికి 75 వంతుల రాయితీని 2018నుండి అమలుచేయుచున్నారు. స్కాట్లండువారు తమ ఉత్తరపు కొండసీమలకును దీవులకును 2006లో ఇట్టి పథకమునే మొదలిడి, నివాసులకు మూల ధరలో సగము తగ్గించుచున్నారు. రాయితీ ఇచ్చినచో విమాన సంస్థలు మూల ధరనే పెంచివేయునను విమర్శ అచ్చట లేకపోలేదు. అది ఆలోచింపదగిన విమర్శయే. ఐనను యాత్రికుడు వేఱు, నివాసి వేఱు అను సూత్రమును అచ్చటి ప్రభుత్వములు అంగీకరించినవి. మాల్దీవులవారి మార్గము మఱియొకటి: 1966లో హుళులే దీవి మీద రన్‌వే తెఱచి, దేశపు జీవనాధారమునే యాత్రికుల మీద నిలిపిరి. మన లక్షదీవులలో 1988లో మొదలైన అగత్తి విమానాశ్రయమున 1,200 మీటర్ల చిన్న రన్‌వే మీద చిన్న విమానములే దిగగలవు. దీవి చివఱి తోకయంతయు ఆ రన్‌వేయే ఆక్రమించినది. పొడిగింపవలెనన్న సముద్రమును పూడ్చవలెను.

మన దేశమున విమానపు టికెట్టు ధర 1994నుండి సంస్థల యిష్టమునకు విడువబడినది. ప్రభుత్వమునకు చేతగాక కాదు. కోవిడు కాలమున 2020 మే నుండి 2022 ఆగస్టు వఱకు ధరలకు కనిష్ఠ గరిష్ఠ పరిమితులు విధించిరి. 2025 డిసెంబరులో దేశములో అత్యధిక విమానములు నడుపు సంస్థ సర్వీసులు కుప్పకూలి ప్రయాణికులు విమానాశ్రయములలో పడిగాపులు పడినపుడు, పౌరవిమానయాన శాఖ దూరమును బట్టి గరిష్ఠ ధరలు ప్రకటించెను: వేయి కిలోమీటర్లనుండి పదునైదు వందల కిలోమీటర్ల వఱకు 15,000 రూపాయలు. పోర్ట్ బ్లెయిర్ ఈ తీరమునుండి ఆ దూరములోనే ఉన్నది. ఒక సంక్షోభమున వారము తిరుగకముందే చేయగలిగిన పనిని, ఏటేట తిథులు చెప్పి వచ్చు ఇబ్బందికి ఏల చేయరాదని అడుగుటకు అవకాశ మిచ్చటనే ఉన్నది. ధరలకు శాశ్వతముగా కళ్ళెము వేయుట మంచిది కాదని ఆర్థికవేత్త లందురు. వేసినచో నష్టపు మార్గములను సంస్థలు విడిచిపోవునందురు. నిజమే. దీవి మార్గము సీజనులో నష్టపు మార్గము కాదు గదా.

ఈ నేపథ్యమున ఉద్దానపు విమానాశ్రయమును పరిశీలింతము. 2024 చివఱ రాష్ట్ర ప్రభుత్వము కుప్పము, దగదర్తి, ఒంగోలు, తాడేపల్లిగూడెము, తుని–అన్నవరము, నాగార్జునసాగరములతోపాటు శ్రీకాకుళమునందును కొత్త విమానాశ్రయమునకు గల సాధ్యాసాధ్యముల పరిశీలనను తలపెట్టెను. పిమ్మట మందస, వజ్రపుకొత్తూరు మండలముల నడుమ పదునాలుగు వందల ఎకరముల ప్రాంతము ఇందుకు అనువైనదిగా ప్రస్తావనకు వచ్చెను. అది జీడి, కొబ్బరి, పనస తోటల నేల. సెంట్ల లెక్కన పంచుకొన్న చిన్న కమతముల నేల. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను లక్షలాది చెట్లను పెకలించివేయగా, అప్పు చేసి మరల నాటుకొని, కాపునకు వచ్చు వేళకై ఎదురుచూచిన రైతులు ఆ గ్రామములలో ఉన్నారు. వారు సభలు పెట్టి, కమిటీలుగా ఏర్పడి, విమానాశ్రయము మాకు వలదనిరి. నగరములనుండి చూచువారికి ఇది అభివృద్ధిని కాలదన్నుటగా కనబడవచ్చును. కాని ఈ తీరమునకు జ్ఞాపకము లున్నవి. 2010 జూలై 14న సోంపేట బీల యను చిత్తడినేలలో థర్మల్ విద్యుత్కేంద్రమును ఎదిరించినవారి మీద కాల్పులు జరిగి ఇద్దఱు మరణించిరి. 2011 ఫిబ్రవరి 28న, నిమ్మాడకు దవ్వుగాని సంతబొమ్మాళి మండలపు కాకరాపల్లిలో, మరల అదే కారణమున కాల్పులు జరిగినవి. సోంపేటలో ఆ కేంద్రము రాలేదు, బీల మిగిలినది. ప్రభుత్వపు సర్వేరాయి కనబడగానే ఉద్దానపు రైతు ఉలికిపడుటకు ఈ చరిత్ర చాలును.

విమానాశ్రయమును సమర్థించువారు సరకుల రవాణాను ముందుకు తెచ్చుచున్నారు. పలాస జీడిపప్పు, తీరపు రొయ్యలు, చేపలు విదేశములకు ఎగిరిపోవునని వారి ఊహ. ఈ వాదము నాకు బలహీనముగా తోచుచున్నది. జీడిపప్పు డబ్బాలో నెలల తరబడి నిలువ ఉండు సరకు. లారీలో పోయినను ఓడలో పోయినను దానికి లోపము లేదు. రొయ్య మంచులో గడ్డకట్టి శీతల కంటెయినరులో సముద్రముమీదనే పోవుచున్నది. అందుకు సంతబొమ్మాళి మండలముననే 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట రేవు పూర్తియైనచో మేలు కలుగును. విమానమున పోవలసినవి ప్రాణముతో ఎగుమతియగు పీతల వంటివి, గంటలలో వాడిపోవునవి. వాని పరిమాణ మెంతయో లెక్క తీయకుండ కార్గో విమానాశ్రయ మనుట తొందరపాటు. ఆరోగ్యమును గూర్చిన వాదము మఱింత పలుచనిది. మూత్రపిండముల వ్యాధితో నలుగుచున్న ఉద్దానమునకు 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు పరిశోధన కేంద్రమును వచ్చినవి. ఆ రోగికి కావలసినది వైద్యుడు, డయాలసిస్ యంత్రము, వంశధారనుండి వచ్చు మంచినీరు. విమానపు సీటు కాదు.

యాత్రికులు రారా? భావనపాడు, బారువ తీరములు మనోహరములే. టెక్కలి సమీపమున తేలినీలాపురమునకు సెప్టెంబరులో వచ్చి మార్చిలో మరలిపోవు గూడకొంగలను చూడ వచ్చువారును కలరు. ఈ ప్రాంతమున ఋతువును తప్పక పాటించు ఆకాశయాత్రికులు ఇప్పటికి అవియే; విమానపు ఇంజనుకును బరువైన పక్షికిని పొత్తు కుదరదు గనుక, తంపరలు, చెఱువులు నిండిన ఈ తీరమున రన్‌వే గీయువారు వాని రాకపోకలను కూడ లెక్కింపవలసి ఉండును. అక్టోబరు నెల తుపానుల సంగతి విశాఖపట్టణపు విమానాశ్రయమే చెప్పగలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాని పైకప్పును చీల్చివేసినది.

ప్రభుత్వ సహాయముతో చిన్న పట్టణములకు విమానములు నడుపు ఉడాన్ పథకపు అనుభవము ఇచ్చట ప్రధానము. 2017 ఏప్రిల్‌లో తొలి విమానము లేచిన ఆ పథకమును గూర్చి కాగ్ 2023లో ఇచ్చిన నివేదికలో, మొదటి మూడు విడతలలో కేటాయించిన 774 మార్గములలో 403 అసలు మొదలే కాలేదనియు, మొదలైన 371లో మూడేండ్ల రాయితీ గడువు పూర్తిచేసినవి 112 మాత్రమే యనియు, రాయితీ పోయిన పిమ్మట 2023 మార్చి నాటికి నిలిచినవి 54 యనియు తేలినది. పైగా, భోగాపురమున 2,200 ఎకరములలో వెలసిన అల్లూరి సీతారామరాజు విమానాశ్రయము మీద 2026 జనవరిలో పరీక్షా విమానము దిగినది. పలాసనుండి అది 150 కిలోమీటర్ల లోపున ఉన్నది. ఒక పౌరవిమానాశ్రయమునకు 150 కిలోమీటర్ల లోపల మఱియొకటి కట్టదలచినపుడు దానివలన మొదటిదానికి కలుగు ప్రభావమును కేంద్రము ప్రత్యేకముగా పరిశీలింపవలెనని 2008నాటి విధానము చెప్పుచున్నది. ఆ పరిశీలన ఎట్లుండునో గాని, రహదారిమీద రెండుగంటల దూరములోని పెద్ద విమానాశ్రయమును కాదని పలాసలో విమానము ఎక్కువారు తమిళులో మలయాళులో కారు, మనవారే కావలెను, వారెందఱు?

ప్రతిపక్షమున చెప్పదగిన మంచి ఉదాహరణ యొకటి మన చెంతనే కలదు. పర్లాకిమిడి రాజావారు సొంత ధనముతో నౌపడనుండి తమ పట్టణమునకు 1900లో చిన్న రైలుమార్గము వేయించిరి. మొదట అది నష్టమే తెచ్చినది. పదేండ్లకు గాని లాభము ముఖము చూపలేదు. నష్టము వచ్చుచున్నదని నాడు దానిని పెకలించి ఉండినచో గుణుపురము వఱకు మార్గము సాగెడిది కాదు. కావున తొలియేటి లెక్కలు చూచి రవాణా మార్గములకు మరణశాసనము వ్రాయరాదనుట సత్యము. ఐనను రాజావారి రైలు సంతకు పోవు రైతును, కట్టెల మోపును, బియ్యపు బస్తాను ఏడాది పొడవున మోసినది, ఆషాఢమునను మోసినది. విమానాశ్రయమునకు నేనడుగు పరీక్షయు నిదియే: సెలవులు లేని నెలలో, పండుగ లేని వారములో, దానిలో ఎక్కు వారెవరు? పోర్ట్ బ్లెయిర్‌కు ఆ నెలలలో మిగులునది దీవిలో బ్రతుకువారును, వారి చుట్టములును; సముద్రము నడుమ ఉండుటవలన వారికి వేఱు గతి లేదు గనుక విమానములు వానలలోను నడచుచున్నవి. ఉద్దానమునకు అట్టి నిర్బంధము లేదు. ప్రక్కనే రైలున్నది, రహదారి ఉన్నది. ఇచ్చటి కూలివాడు పలాస స్టేషనులో ఎక్కి చెన్నపట్టణమునకో, సూరతునకో, హైదరాబాదునకో జనరల్ బోగీలో పోవుచున్నాడు.

అందుచేత నా అభిప్రాయము స్పష్టముగా చెప్పవలెనన్న, ఉద్దానపు తోటలలో రన్‌వే వేయుటకు ఇప్పుడు తొందర లేదు. సాధ్యాసాధ్యముల నివేదికను తెలుగులో అచ్చువేసి గ్రామసభల ముందుంచి, ఎన్ని చెట్లు పోవును, ఎందఱి కమతములు పోవును, వానవేళ ఏడాదికి ఎన్ని రోజులు విమానములు దిగలేవు, ఏ మార్గమున ఎందఱు ప్రయాణికులను ఊహించుచున్నారు అను లెక్కలు బహిరంగముగా చెప్పిన పిమ్మటనే మిగిలిన మాట. 2013నాటి భూసేకరణ చట్టము సామాజిక ప్రభావమును ముందుగా అంచనా వేయవలెనన్నది. ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యమున కట్టునపుడు నూటికి 70 మంది భూయజమానుల సమ్మతి కావలెనన్నది. రాష్ట్రములు పిమ్మట తమకు వలసిన సవరణలు చేసికొన్నను, మూలశాసనపు ఉద్దేశము ఉద్దానము వంటి చిన్న కమతముల సీమను రక్షించుటయే.

ఇంతలో చేయదగిన పనులు కొన్ని కలవు. వీనికి ఒక్క ఎకరము భూమియు అక్కరలేదు. భోగాపురపు రన్‌వే నౌకాదళమువారిది కాదు. కావున విశాఖకు ఉన్న వేళల చిక్కులో సగము అచ్చట తీరును. అచ్చటనుండి పోర్ట్ బ్లెయిర్‌కు ఏడాది పొడవున నేరు విమానము నడుపుటకు ఉడాన్ వంటి సహాయమును వానాకాలపు నెలలకు కేటాయించి, అందుకు ప్రతిగా అక్టోబరు, జనవరి, ఏప్రిల్, మే నెలలలో కొన్ని సీట్లను నిర్ణీత ధరకు దీవినివాసులకును, అచ్చట పనిచేయు కూలీలకును విడిచిపెట్టవలెనను షరతు పెట్టవచ్చును. సీజనులో గడించు సంస్థ వానలలో నష్టపోకుండ ప్రభుత్వము కాచినపుడు, సీజనులో బీదవానిని సంస్థ కాచుట పెద్ద కోరిక కాదు. కూలీని గుర్తించుటకు ద్వీపవాసి కార్డే కానక్కరలేదు. భవననిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదైన చీటీ చాలును, మత్స్యకారునికి వాని గుర్తింపు కార్డు చాలును. విశాఖ ఓడను నెల కొకటికి మాఱు రెండు చేయుట ఇంకను సులభము, ఇంకను చౌక. కాని అది పౌరవిమానయాన శాఖ చేతిలోని పని కాదు. ఓడలు అండమాను పరిపాలనవారివి. వారికి ఈ విన్నపమును అందింపవలసినవారు మన జిల్లా ప్రతినిధులును, పోర్ట్ బ్లెయిర్‌లోని తెలుగు సంఘములును.